నాలుగు జీబీ గ్రాఫిక్స్ కార్డు వేయమంటున్నారు, వేయించవచ్చా?

ప్రశ్న: నేను ఖమ్మంలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. మా అమ్మాయి బీ.ఆర్క్ రెండో సంవత్సరం చదువుతోంది. ఆఫీసుల్లో వాడి తీసేసిన సన్నపాటి డెస్క్‌టాప్ ఒకటి తన కోసం కొన్నాం. అందులో కోర్ ఐ5-8500 ప్రాసెసర్, ఒకే స్టిక్కుగా 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. పవర్ సప్లై మీద 200 వాట్లు అని రాసి ఉంది. మానిటర్ పాతది, వీజీఏ కేబుల్‌తో పనిచేస్తుంది. ఆటోక్యాడ్ బాగానే నడుస్తోంది కానీ త్రీడీ మోడల్ కట్టే స్కెచప్‌లో మోడల్ పెద్దదయ్యేసరికి తెర కదలడం లేదు. వచ్చే ఏడాది నుంచి రెండరింగ్ (మోడల్‌ను ఫొటోలాంటి బొమ్మగా మార్చే పని) కూడా ఉంటుందట. 4 జీబీ జీటీ 730 కార్డు వేస్తే ఇప్పుడున్న గ్రాఫిక్స్ మెమరీ కూడా దానితో కలిసి రెట్టింపు వేగం వస్తుందని దుకాణంలో చెప్పారు. ఇది నిజమేనా? మా చిన్న పెట్టె కొత్త కార్డుకు సరిపోతుందా? లేక దీన్ని అమ్మేసి ల్యాప్‌టాప్ కొనడం మంచిదా?

సమాధానం: మాస్టారూ, బయానా ఇచ్చేలోపు ఈ మాట మీకు చేరాలి కనుక ముందుగా చెబుతున్నాను: ఆ జీటీ 730 కొనవద్దు. మీ ప్రాసెసర్‌లో ఇప్పటికే ఉన్న యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్‌కూ దానికీ మీ అమ్మాయి పనిలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ ఉండదు. కొన్ని పనుల్లో ఆ కార్డే వెనకబడినా ఆశ్చర్యం లేదు.

జీటీ 730 మార్కెట్లోకి వచ్చింది 2014లో. దాన్ని అప్పట్లోనే బరువైన ఆటలకో త్రీడీ పనికో ఉద్దేశించలేదు, గ్రాఫిక్స్ అసలే లేని కంప్యూటర్‌కు తెర కనిపించేలా చేయడానికి, అదనంగా ఒక మానిటర్ తగిలించుకోవడానికి ఉద్దేశించారు. అదే పేరుతో వేర్వేరు చిప్‌లు, వేర్వేరు మెమరీలు ఉన్న కార్డులు అమ్ముడవుతూ వచ్చాయి. వాటిలో 4 జీబీ అని పెద్ద అక్షరాలతో రాసి అమ్మేవాటిలో సాధారణంగా ఉండేది పాత డీడీఆర్3 మెమరీ, అందులోనూ 64 బిట్ల దారి ఉన్నదైతే అది సెకనుకు సుమారు 14 జీబీ సమాచారాన్ని మాత్రమే చిప్‌కు అందించగలదు. మీ కంప్యూటర్‌లో ఇప్పుడు ఒంటరిగా ఉన్న డీడీఆర్4 ర్యామ్ స్టిక్కే, 2666 వేగానిదైతే, సెకనుకు సుమారు 21 జీబీ అందిస్తోంది. మేడ మీద ట్యాంకు ఎంత పెద్దదైనా కిందికి దిగే పైపు సన్నదైతే కుళాయిలో ధార పెరగదు కదా, గ్రాఫిక్స్ కార్డులో జీబీల సంఖ్య ట్యాంకు, మెమరీ రకమూ దారి వెడల్పూ పైపు. దుకాణాల్లో మనకు చూపించేది ఎప్పుడూ ట్యాంకే. దీనికి తోడు ఆ కార్డుల్లో ఎక్కువ భాగం కెప్లర్ అనే పాత చిప్‌ల తరానికి చెందినవి. ఆ తరానికి చిప్ తయారీ సంస్థ ఎన్విడియా కొత్త డ్రైవర్లు (కార్డును విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్‌లు) ఇవ్వడం 2021లోనే ఆపేసింది, భద్రతా సవరణలు కూడా 2024తో ముగిశాయి. మీ అమ్మాయి కోర్సు పూర్తయ్యేలోగా మరింత పాతబడే వస్తువును ఈరోజు కొత్తదానిగా కొనడం అన్యాయమని నా అభిప్రాయం.

రెండు గ్రాఫిక్స్ మెమరీలు కలిసిపోతాయన్న మాట కూడా నిజం కాదు. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ అంటూ లేదు. అది మీ 8 జీబీ ర్యామ్ లోంచే తనకు కావలసినంత వాడుకుంటుంది. విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌లో షేర్డ్ జీపీయూ మెమరీ (జీపీయూ అంటే గ్రాఫిక్స్ చిప్) అని కనిపించే అంకె అదనంగా వచ్చిన సంపద కాదు, అవసరమైతే ర్యామ్ నుంచి ఇంతవరకు తీసుకోవచ్చు అని విండోస్ పెట్టుకున్న హద్దు. విడి కార్డు పెట్టాక దాని మెమరీ దానిదే, ప్రాసెసర్ గ్రాఫిక్స్ వాడకం దానిదే. స్కెచప్ లాంటి ఒక ప్రోగ్రామ్ తెర మీద బొమ్మను తిప్పుతున్నప్పుడు ఆ రెండిట్లో ఒకదాని మీదే నడుస్తుంది. రెండూ చెరో పని చేయడం సాధ్యమే, దాని ప్రయోజనం కింద చెబుతాను. కానీ రెండూ కలిసి ఒక పెద్ద కార్డు అయిపోవడం మీ కంప్యూటర్‌లో జరగదు.

ఇక అసలు విషయం. ఏ కార్డు కొనాలని ఆలోచించేముందు మీ కంప్యూటర్ ఎక్కడ ఆగిపోతోందో ఒకసారి కళ్లారా చూడమని కోరుతున్నాను. మీ అమ్మాయి స్కెచప్‌లో బరువైన మోడల్ తెరిచి పనిచేస్తున్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ విభాగంలో మెమరీ గీత తొంభై శాతం దాటి ఉంటే, ఎస్‌ఎస్‌డీ ఏకధాటిగా వంద శాతం చూపిస్తుంటే, కొరత ర్యామ్‌ది. జీపీయూ కింద త్రీడీ గీత పైకప్పు తాకి, మెమరీ తీరిగ్గా ఉంటే కొరత గ్రాఫిక్స్‌ది. రెండూ సగంలోనే ఉండి మోడల్ మాత్రం మొరాయిస్తుంటే, అప్పుడు ప్రాసెసర్‌లో లెక్కలు చేసే విభాగాల్లో ఒక్క దాని మీదే, అంటే ఒక్క కోర్ మీదే భారమంతా పడుతోందన్నమాట. స్కెచప్, ఆటోక్యాడ్, భవన నమూనాలు తయారుచేసే రెవిట్ మూడూ చాలా పనులను ఒకే కోర్ మీద చేసే స్వభావం ఉన్నవి కనుక ఆ స్థితిలో ఎంత ఖరీదైన కార్డు పెట్టినా మార్పు కొంచెమే ఉంటుంది.

మీరు రాసిన వివరాలను బట్టి నా అంచనా ఏమిటంటే, ఇప్పుడు మీకు ఎదురవుతున్న ఇబ్బందిలో పెద్ద భాగం ర్యామ్‌దే. విండోస్, బ్రౌజర్, స్కెచప్, పక్కన ఫొటోషాప్ తెరిస్తే 8 జీబీ చాలదు, ఆ చాలని దానిలోంచే గ్రాఫిక్స్‌కు కూడా వాటా పోవాలి. పైగా ఒకే స్టిక్కు ఉండటం వల్ల ర్యామ్‌కు ఉన్న రెండు దారుల్లో ఒకటి ఖాళీగా పడి ఉంది. అదే రకం 8 జీబీ స్టిక్కు ఇంకొకటి సరైన స్లాట్‌లో పెడితే మొత్తం 16 జీబీ కావడమే కాక, సెకనుకు 21 జీబీ ఉన్న వేగం సుమారు 42 జీబీకి పెరుగుతుంది. ర్యామ్ మీదే ఆధారపడిన ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కు ఇది నేరుగా లాభం. విడి కార్డు పెట్టాక కూడా ఈ ర్యామ్ వృథా పోదు, ఇటీవలి రెవిట్‌కు కనీస అవసరమే 16 జీబీ. కొనేముందు టాస్క్ మేనేజర్‌లోని మెమరీ పేజీలో ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయో, ర్యామ్ వేగం ఎంతో చూసి రాసుకుని అదే వేగం అడగండి. ఈ మధ్య ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కనుక, పాత ఆఫీసు కంప్యూటర్ల నుంచి తీసిన మంచి సంస్థ స్టిక్కు మార్పిడి హామీతో దొరికితే దాన్ని తీసుకోవడానికి సందేహించనక్కర్లేదు. ర్యామ్ చిప్‌లు వాడకం వల్ల అరిగిపోయే రకం కావు.

డబ్బు ఖర్చు కాని పని ఒకటి ఈరోజే చేయవచ్చు. స్కెచప్‌లో మోడల్ కడుతున్నంతసేపు షాడోలు ఆపి ఉంచమనండి, స్టైల్స్‌లో ప్రొఫైల్స్ తీసేయమనండి, చెట్లు, ఫర్నిచర్ వంటి బరువైన వస్తువులను ఒక ట్యాగ్ కింద పెట్టి అవసరం లేనప్పుడు దాచమనండి. ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఒక్క సోఫా బొమ్మలో ఒక్కోసారి ఇల్లంతటికన్నా ఎక్కువ గీతలుంటాయి. ఆర్కిటెక్చర్ విద్యార్థులు కంప్యూటర్‌ను నిందించే సందర్భాల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంటుంది.

ఇంత చెప్పాక, రెండరింగ్ మొదలైతే విడి కార్డు అవసరమవుతుందా అంటే, అవుతుంది. లూమియన్, ఎన్‌స్కేప్, డీ5 వంటి రెండరింగ్ ప్రోగ్రామ్‌లు గ్రాఫిక్స్ కార్డునే నమ్ముకుని తయారైనవి; బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రామ్‌లోని సైకిల్స్ రెండరింగ్ విభాగం ప్రాసెసర్ మీద కూడా నడుస్తుంది కానీ మీ ఆరు కోర్ల ప్రాసెసర్‌కు చాలా సమయం పడుతుంది, యూహెచ్‌డీ 630ని సైకిల్స్ అసలు గుర్తించదు. అందుకని కళాశాలలో ఏ రెండరింగ్ సాఫ్ట్‌వేర్ చెబుతారో పై తరగతి విద్యార్థులను అడిగి తెలుసుకుని, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కనీస అవసరాలు చదివిన తర్వాతే కార్డు నిర్ణయించండి. ఈ అడుగు దాటేసి కొన్నవాళ్లే మళ్లీ కొనవలసి వస్తోంది.

మీ పెట్టె సంగతికి వస్తే, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. ఆఫీసుల కోసం తయారైన ఈ సన్నని డెస్క్‌టాప్‌లలో మూడు హద్దులు ఉంటాయి. మొదటిది ఎత్తు: మామూలు కార్డు బిగింపు రేకు సుమారు 12 సెంటీమీటర్ల పొడవుంటే, మీ పెట్టెలో పట్టేది సుమారు 8 సెంటీమీటర్ల పొట్టి రకం. దుకాణంలో లో ప్రొఫైల్ కార్డు అని అడగాలి, పొట్టి రేకు డబ్బాలోనే ఉందో లేదో చూసుకోవాలి. రెండోది మందం: చాలా కార్డులు రెండు స్లాట్ల చోటు ఆక్రమిస్తాయి. కొన్ని పెట్టెల్లో పొడవైన స్లాట్ పవర్ సప్లై గోడను ఆనుకుని ఉండటంతో అక్కడ ఒక స్లాట్ మందం మించి పట్టదు. మూత తీసి, పొడవైన స్లాట్ పక్కన ఖాళీ చోటు ఉందో లేదో స్కేలు పెట్టి కొలిచి, ఫొటో తీసుకుని దుకాణానికి వెళ్లండి.

మూడోది, అన్నింటికంటే ముఖ్యమైనది, కరెంటు. గ్రాఫిక్స్ స్లాట్ నుంచి నియమం ప్రకారం 75 వాట్ల దాకా రావాలి; అంతకంటే ఎక్కువ తినే కార్డులకు పవర్ సప్లై నుంచి ఆరు పిన్నుల తీగో ఎనిమిది పిన్నుల తీగో విడిగా ఇవ్వాలి. మీ పెట్టెలో ఆ తీగ ఉండదు. అంతేకాదు, సన్నని పెట్టెల్లో కొన్నింటికి తయారీ సంస్థలే ఆ స్లాట్‌ను 75 కంటే తక్కువ వాట్లకు పరిమితం చేస్తాయి. ఆ అంకె మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. పెట్టె వెనక చీటీ మీది మోడల్ పేరుతో సంస్థ వెబ్‌సైట్‌లో వెతికితే మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది. ఇక లెక్క చూడండి. ప్రాసెసర్ 65 వాట్ల తరగతిది, బరువైన పనిలో కాసేపు అంతకు మించి కూడా లాగుతుంది. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాను కలిపి ముప్ఫై నలభై వాట్లు అనుకుందాం. దానిపైన 70 వాట్ల కార్డు పెడితే మొత్తం 165 నుంచి 175 దాకా వచ్చి, 200 వాట్ల సప్లై దాదాపు అంచున నడుస్తుంది. ఏళ్ల తరబడి ఒక ఆఫీసులో పనిచేసి వచ్చిన సప్లైని ఖమ్మం మే నెల ఎండలో, ఏసీ లేని గదిలో, రాత్రంతా రెండరింగ్ పెట్టి అలా నడపడం నాకు నచ్చదు. పెద్ద సప్లై వేసుకుందామంటే ఈ పెట్టెల్లో దాని ఆకారమూ కనెక్టర్లూ ఆ సంస్థకే ప్రత్యేకం కావడంతో బజారులో దొరికే మామూలు సప్లై చాలాసార్లు బిగియదు. అడాప్టర్ తీగలతో సర్దుతామని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోవద్దు.

ఈ హద్దుల మధ్య మీకు పనికొచ్చే కార్డులు రెండే కనిపిస్తున్నాయి. మాన్యువల్ 75 వాట్లు ఇస్తుందని, పక్కన రెండో స్లాట్ చోటు ఉందని తేలితే ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీ రకంలో లో ప్రొఫైల్ కార్డు. ఇది 2024లో వచ్చింది, 70 వాట్లతో స్లాట్ కరెంటు మీదే నడుస్తుంది, సెకనుకు 168 జీబీ మెమరీ వేగం ఉంది, రే ట్రేసింగ్‌కు, అంటే వెలుతురు కిరణాల దారిని లెక్కగట్టి బొమ్మ తయారుచేసే పద్ధతికి, ప్రత్యేక కోర్లున్నాయి. పై లెక్క కారణంగా దీన్ని కొంటే ప్రాసెసర్, కార్డు రెండిటినీ గంటల తరబడి పూర్తి భారంతో కలిపి నడపకుండా, రెండరింగ్‌ను కార్డు మీద మాత్రమే పెట్టుకోవాలి. అదే పేరుతో 8 జీబీ 3050 కూడా ఉంది; అది 130 వాట్ల కార్డు, దానికి వేరే తీగ కావాలి, మీకు పనికిరాదు. బిల్లులో ఆరు జీబీ అని స్పష్టంగా రాయించండి. చోటు గానీ కరెంటు గానీ తక్కువని తేలితే 50 వాట్ల ఎన్విడియా టీ1000 చూడండి. ఒకే స్లాట్ మందం, పొట్టి ఆకారం, 4 జీబీ, 8 జీబీ రకాల్లో వచ్చింది, వర్క్‌స్టేషన్ల కోసం చేసినది. దీనికి రే ట్రేసింగ్ కోర్లు లేవు కనుక ఆ పద్ధతి మీదే ఆధారపడిన రెండరింగ్ నెమ్మదిగా సాగుతుంది లేదా అసలు సాగకపోవచ్చు. స్కెచప్, రెవిట్‌లకు మాత్రం మీ పెట్టెకు తగ్గ జోడు ఇదే, ఎండాకాలంలో నిశ్చింతగా ఉండేదీ ఇదే. స్లాట్‌కు 50 వాట్లు కూడా ఇవ్వదని మాన్యువల్‌లో ఉంటే ఈ పెట్టెలో కార్డు ఆలోచనే విరమించుకోండి.

ధర చూసి ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400 గానీ ఇంటెల్ ఆర్క్ ఏ380 గానీ చూపిస్తారు. అవి చెడ్డ కార్డులని అనను, మీ కంప్యూటర్‌కు కుదరవని మాత్రం చెబుతాను. ఆర్‌ఎక్స్ 6400 నాలుగు లేన్ల (సమాచారం నడిచే దారుల) మీదే నడుస్తుంది, మీ మదర్‌బోర్డులో కార్డు తగిలించే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ మూడో తరానిది కావడంతో ఆ దారి సగానికి ఇరుకవుతుంది. వీడియోను కుదించి భద్రపరిచే హార్డ్‌వేర్ కూడా అందులో లేదు. ఆర్క్ కార్డులకు ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి చూడగలిగే రీసైజబుల్ బార్ అనే సౌకర్యం కావాలి, అది లేకపోతే వేగం బాగా పడిపోతుంది, మీ తరం ఆఫీసు పెట్టెల్లో దాన్ని ఆశించలేం.

పాత కార్డుల బజారు గురించి ఒక హెచ్చరిక. జీటీఎక్స్ 1050 టీఐ 75 వాట్ల కార్డు, తన కాలంలో చాలా మంచిది, ఇప్పుడు చవకగా దొరుకుతుంది. కానీ ఆ తరానికి మామూలు డ్రైవర్ల విడుదల 2025 అక్టోబరుతో ముగిసింది. పైగా అంతకంటే పాత చిప్‌లో పేరు మార్చి రాసి 1050 టీఐగా అమ్మిన నకిలీలు చాలా తిరిగాయి; విండోస్ కూడా ఆ మారుపేరునే చూపిస్తుంది. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ అటువంటివాటిని చాలావరకు పట్టుకుంటుంది కనుక పాత కార్డు ఏదైనా సరే దుకాణంలోనే దాన్ని నడిపి చూపించమని అడగడం మీ హక్కు.

ల్యాప్‌టాప్ ప్రశ్నకు నా జవాబు మీ అమ్మాయి కళాశాల పద్ధతి మీద ఆధారపడి ఉంది. స్టూడియో తరగతులకు ఎవరి కంప్యూటర్ వాళ్లు మోసుకెళ్లాలని, జ్యూరీ (ప్రాజెక్టులను అధ్యాపకులు పరీక్షించే) రోజుల్లో అక్కడే కూర్చుని మార్పులు చేయాలని నియమం ఉంటే, ఈ డెస్క్‌టాప్ మీద ర్యామ్‌కు మించి ఖర్చు పెట్టకండి. కార్డు డబ్బు దాచి, మూడో సంవత్సరం మొదట్లో విడి గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్ కొనండి. ల్యాప్‌టాప్‌లో తర్వాత కార్డు చేర్చడం కుదరదు. థండర్‌బోల్ట్ అనే వేగవంతమైన పోర్టు ద్వారా బయటి పెట్టెలో కార్డు తగిలించే పద్ధతి ఉన్నా దాని ఖర్చు మీ వంటి కుటుంబానికి తగినది కాదు. అందుకే అది కొనే రోజునే కనీసం 6 జీబీ గ్రాఫిక్స్ మెమరీ, 16 జీబీ ర్యామ్ ఉన్నది ఎంచుకోవాలి. పని ఎక్కువగా ఇంట్లోనే సాగేటట్టయితే డెస్క్‌టాప్‌ను అమ్మకండి. ఎనిమిదో తరం ప్రాసెసర్ కనుక విండోస్ 11 దానికి అధికారికంగా వస్తుంది, అమ్మితే వచ్చేదీ పెద్ద మొత్తం కాదు.

కార్డు తెచ్చుకుంటే బిగించే రోజున గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పాత వీజీఏ మానిటర్ కేబుల్ ఈ కార్డులకు నేరుగా తగలదు. ఆర్‌టీఎక్స్ 3050 కార్డులకు హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే అడాప్టర్ చాలు, టీ1000కు ఉన్నవి మినీ డిస్‌ప్లేపోర్ట్‌లు కనుక దానికి తగ్గ యాక్టివ్ అడాప్టర్ ముందే తెచ్చుకోండి. మానిటర్ కేబుల్ కార్డుకే తగిలించాలి. అలవాటుగా మదర్‌బోర్డు మీది రంధ్రంలోనే ఉంచి, కొత్త కార్డు పనిచేయడం లేదని దుకాణం చుట్టూ తిరిగేవాళ్లు చాలామంది. బిగించేముందు తయారీ సంస్థ ఇచ్చిన తాజా బయోస్ (కంప్యూటర్ మొదలవగానే నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) వేయించండి. తర్వాత బయోస్‌లో ప్రాసెసర్ గ్రాఫిక్స్‌ను పూర్తిగా ఆపకుండా, రెండూ పనిచేసే మల్టీ డిస్‌ప్లే వంటి ఎంపిక ఉంటే దాన్ని ఉంచండి. ఇంటెల్ గ్రాఫిక్స్‌లో వీడియోలు కుదించే క్విక్ సింక్ విభాగం బాగా పనిచేస్తుంది, ప్రీమియర్ వంటి ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లు దాన్ని వాడుకుంటాయి, రెండూ చెరో పని చేయడమని పైన అన్నది ఇదే. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద గ్రాఫిక్స్ అనే చోట స్కెచప్‌ను, రెండరింగ్ ప్రోగ్రామ్‌ను ఎంచుకుని హై పెర్ఫార్మెన్స్‌కు మార్చండి.

ఆ తర్వాత దుకాణం వెనక్కి తీసుకునే గడువు లోపలే ఒక మధ్యాహ్నం, గది వేడిగా ఉన్న సమయంలో, అసలైన ప్రాజెక్టు ఒకటి తెరిచి గంటసేపు ఆగకుండా రెండరింగ్ నడపండి. టాస్క్ మేనేజర్‌లో కార్డు ఉష్ణోగ్రత కనిపిస్తుంది. ఎనభై డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే ఫరవాలేదు. కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్లీ మొదలైందంటే మాత్రం ముందుగా అనుమానించవలసింది సప్లైనే. అప్పుడు సర్దుబాట్లు ఏవీ చేయకుండా కార్డును డబ్బాతో, బిల్లుతో సహా తిరిగి ఇచ్చేయండి.